పెద్ద తెర మీద పంతులు గారు

ప్రకాశం జిల్లాలో సోషల్ టీచర్లకు ఆగస్టు నెలంతా హడావిడే. పదిహేనున జెండా పండగ, 23న టంగుటూరి ప్రకాశం పంతులు గారి జయంతి, 29న గిడుగు వారి పేరు మీద తెలుగు భాషా దినోత్సవం. వీటిలో పంతులు గారి జయంతి మాకు ఇంటి పండగ. జిల్లాకే ఆయన పేరు, ఒంగోలు కలెక్టరేటు పేరు ప్రకాశం భవన్, విజయవాడ వెళ్తే కృష్ణ మీద ప్రకాశం బ్యారేజీ. మా పిల్లలు మాటలు నేర్చే వయసు నుంచీ ఆ పేరు వింటూనే ఉంటారు. అయినా ఆయన గురించి చెప్పమంటే ఎనిమిదో తరగతి పిల్లలు మూడు వాక్యాల దగ్గర ఆగిపోయేవాళ్లు. సైమన్ గో బ్యాక్ అన్నాడు, తుపాకీకి గుండె చూపించాడు, ఆంధ్రకేసరి అయ్యాడు.

నేను చేరిన కొత్తలో జయంతి ఎలా జరిగేదో చెప్పాలి. స్టాఫ్‌రూమ్ గోడ మీది పటాన్ని దించి, దుమ్ము తుడిచి, కుర్చీలో పెట్టి బంతిపూల దండ వేసేవాళ్లం. బాగా చదివే అమ్మాయి ఒకతె బట్టీ పట్టిన ప్రసంగాన్ని ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పేది. హెచ్‌ఎం గారు నాలుగు మాటలు చెప్పేవారు. తర్వాత చాక్లెట్లు. ఆ కార్యక్రమంలో భక్తికి లోటు లేదు, పిల్లల ప్రశ్నలకు మాత్రం చోటు ఉండేది కాదు. పటంలోని మనిషిని ఏమని అడుగుతారు?

2023లో మా బడికి ఐఎఫ్‌పి ప్యానెళ్లు వచ్చాయి. నల్లబల్ల పక్కనే గోడకు బిగించిన పెద్ద టచ్ తెర. పిల్లలు దాన్ని ఇప్పటికీ ‘పెద్ద టీవీ’ అనే అంటారు. వేలితో రాస్తే రాత పడుతుంది, అరచేత్తో తుడిస్తే చెరిగిపోతుంది, రెండు వేళ్లు పెట్టి లాగితే ఫొటో పెద్దదవుతుంది. మొదట్లో లెక్కల సార్, సైన్స్ మేడం ఎక్కువగా వాడుకునేవారు. గుండె ఎలా కొట్టుకుంటుందో, త్రిభుజం ఎలా తిరుగుతుందో చూపించడానికి దాన్ని మించింది లేదు. చరిత్రకు దానితో పనేముంది, వీడియో వేసి కూర్చోవడమేగా అని తోటి టీచరు ఒకరు అన్నారు. ఆ మాట నన్ను పట్టుకుంది. నిజంగానే నాకు దొరికిన వీడియోలన్నీ ఒకే తీరుగా ఉండేవి. వెనక సింహం గర్జన, ముందు మెరుపులు, గంభీరమైన గొంతు. అవి చూసిన పిల్లలు చప్పట్లు కొట్టారు, మళ్లీ ఆ మూడు వాక్యాలే చెప్పారు. పటం గోడ మీద నుంచి తెర మీదికి మారింది, అంతే. ఆ వీడియోలను నేను ఆ రోజుతోనే ఆపేశాను.

2024 ఆగస్టులో ఎనిమిదో తరగతితో మ్యాపు దగ్గర మొదలుపెట్టాను. నా ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి శాటిలైట్ మ్యాపు తెరిచాం. మన బడి చూపించండి మేడం అని గోల. సరే, ముందు మా బడి కప్పు, వేపచెట్టు, వెనక చెరువు అన్నీ చూశారు. అది అయ్యేదాకా మరే ఊరూ వాళ్ల కళ్లకు ఆనదని నాకు తెలుసు. తర్వాత ఒక పిల్లవాణ్ణి పిలిచి ‘వినోదరాయునిపాలెం’ అని టైపు చెయ్యమన్నాను. ఆ పేరులోని గుణింతాలతో కాసేపు కుస్తీ పట్టాడు. మ్యాపు జరుగుతూ జరుగుతూ వెళ్లి నాగులుప్పలపాడు మండలంలో ఆగింది. వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి లేచి నిలబడింది.

“మేడం, అది మా అమ్మమ్మ వాళ్లూరి దగ్గరేగా!”

“అక్కడే పుట్టారు పంతులు గారు, 1872లో” అన్నాను.

తరగతి ఒక్కసారిగా ముందుకు వంగింది. పుస్తకంలో చదివినప్పుడు అది ఒక పేరు. బస్సు దిగి నడిచే దారి కనిపించాక, ఊరయింది. తండ్రి గోపాలకృష్ణయ్య గారు చిన్నతనంలోనే పోవడం, తల్లి సుబ్బమ్మ గారు పిల్లల్ని తీసుకుని ఒంగోలు చేరడం చెప్పాను. ఆ తర్వాత ఇమ్మానేని హనుమంతరావు నాయుడు అనే మాస్టారు రాజమండ్రి వెళ్తూ ఈ కుర్రాణ్ణి వెంటపెట్టుకుని వెళ్లారన్నాను. మ్యాపు మీద ఒంగోలు నుంచి రాజమండ్రికి గీత గీయమంటే ఒకడు చటుక్కున రైలు పట్టాల వెంబడి వేలు పోనిచ్చాడు.

“ఆగు. అప్పటికి మనకు రైలెక్కడిది?”

ఒంగోలు మీదుగా మద్రాసు లైను కలిసింది 1899లో. రాజమండ్రి దగ్గర గోదావరి మీద హేవలాక్ వంతెన తెరిచింది 1900లో. ప్రకాశం చదువుకోసం వెళ్లింది అంతకు చాలా ముందు. మరి ఎట్టా పోయారు మేడం అన్నారు. ఆ రోజుల్లో ప్రయాణమంటే ఎడ్లబండి, కాలువల్లో పడవ, నడక అని చెప్పి, పట్టాలు కనిపించకుండా మ్యాపు పొర మార్చాను. కృష్ణ, గోదావరి, మధ్యలో కాలువలు మాత్రం మిగిలాయి. పిల్లలు లేచొచ్చి తెర మీద దారులు వెతకడం మొదలుపెట్టారు. ఇక్కడ కృష్ణ దాటాలి, ఇక్కడ ఆగి వండుకోవాలి, ఇక్కడ రాత్రయిపోతుంది అంటూ వాళ్లలో వాళ్లే వాదించుకున్నారు. గంట కొట్టినా ఎవరూ కదల్లేదు. మర్నాడు అదే మ్యాపును ఇంగ్లండు దాకా లాగాం. 1904లో వెళ్లి 1907లో బారిస్టరుగా తిరిగొచ్చి మద్రాసులో ప్రాక్టీసు పెట్టారు. అయితే మా వాళ్లకు లండన్ కంటే రాజమండ్రి దారే ఎక్కువ నచ్చింది. రాజమండ్రిలో నాటకాల్లో ఆడవేషాలు వేసేవాడంటే నమ్మలేక నవ్వులు. తరగతిలో వేషాలేసే కుర్రాడికి ఆ రోజు నుంచి హోదా పెరిగింది.

సుబ్బమ్మ గారి దగ్గర మాత్రం ఎవరూ నవ్వలేదు. ఒంగోలులో ఆమె భోజనం ఇల్లు నడిపి పిల్లల్ని పెంచారు. పూటకూళ్ల ఇల్లు అంటే ఏమిటో చెబుతుంటే కిటికీ పక్క బెంచీలో కూర్చునే అమ్మాయి తల దించుకుంది. వాళ్లమ్మ ఒంగోలులో మెస్ నడుపుతుంది. తెల్లారుజామున లేచి కూరలు తరిగి ఆటో ఎక్కుతుంది, ఆ సంగతి తరగతిలో అందరికీ తెలుసు. మధ్యాహ్నం మిగిలిన సాంబారు వాసన ఆ పిల్ల యూనిఫాంకు పట్టి ఉంటుందని కొందరు ఏడిపించేవాళ్లు కూడా. నేను ఆ అమ్మాయి వైపు చూడకుండా, పరీక్ష ఫీజు మూడు రూపాయల సంగతి ఎత్తుకున్నాను. ఆ మూడు రూపాయలు ఎక్కడా పుట్టక, చివరికి తల్లి తన పట్టుచీర తాకట్టు పెట్టి తెచ్చిందని ఆయన జీవిత కథలో చెప్పుకుంటారు. ప్యానెల్ మీద తెల్ల పేజీ తెరిచి, ‘సుబ్బమ్మ గారు పొద్దున్నుంచి రాత్రి దాకా ఏం పని చేసి ఉంటారు?’ అని రాసి కలం పిల్లలకిచ్చాను. నీళ్లు తోడటం అని ఒకరు రాశారు. పొయ్యి రాజెయ్యడం అని మరొకరు.

కిటికీ పక్క అమ్మాయి తనంతట తనే లేచి వచ్చింది. కలం పట్టుకుని వరసగా రాసుకుంటూ పోయింది. బియ్యం ఏరడం. పప్పు ముందు రాత్రే చూసుకోవడం. అప్పు పెట్టినవాళ్ల లెక్క గుర్తుపెట్టుకోవడం. ఆఖరి మనిషి తిన్నాక తాను తినడం. చివర ఒక్క క్షణం ఆగి, ‘అన్నం తక్కువ పడుతుందేమోనని భయం’ అని రాసింది. ఆ పేజీని చెరపనివ్వలేదు, సేవ్ చేసి ఉంచాను. ఇన్నేళ్ల నా బడి జీవితంలో ఒక జాతీయ నాయకుడి పాఠంలోకి ఒక పిల్ల అంత హక్కుగా నడిచి రావడం చూడలేదు. స్వాతంత్ర్య పోరాట చరిత్ర చెప్పేటప్పుడు మనం తల్లులను ఒక్క ముక్కలో దాటేస్తాం. అక్కడ ఆగితే ప్రకాశం అంత మొండివాడు ఎందుకయ్యాడో కూడా కొంచెం అర్థమవుతుంది.

ఇక సైమన్ కమిషన్ సంగతి. ఆ పాఠం మొదలవక ముందే ఒక కుర్రాడు వాళ్లన్న ఫోనులో ఏఐతో చేయించిన బొమ్మ పట్టుకొచ్చాడు. వెనక మంటలు, ముందు వరసగా తుపాకులు, చొక్కా చించుకుని కండలు తిరిగిన ఛాతీతో యువకుడు. కింద ‘ఆంధ్రకేసరి 1928’ అని ఉంది. మెరిసిపోతోంది. క్లాసంతా చూసి ఆహా అంది. అలాంటి బొమ్మను తప్పని చెప్పి పక్కన పడేస్తే ఆ కుర్రాడి ఉత్సాహం చచ్చిపోతుంది, తప్పెక్కడుందో పిల్లలకు తెలియనూ తెలియదు. అందుకే దాన్నే తెర మీద సగానికి పెట్టాను. మిగతా సగంలో పంతులు గారి అసలు ఫొటో. మూడో బొమ్మగా 1983లో విజయచందర్ తీసిన, ఆయనే ప్రకాశంగా నటించిన ‘ఆంధ్రకేసరి’ సినిమా దృశ్యం.

“సార్‌ని నిజంగా వీడియో తీశారా మేడం?” అని ఒకడు సినిమా చూపిస్తూ అడిగాడు.

“నువ్వే చెప్పు. ఆ రోజు తీసిందా, తర్వాత చేసిందా?”

“రంగులున్నాయి” అన్నాడు ఒకడు. “అందులో మాటలు స్పష్టంగా ఉన్నాయి” అన్నాడింకొకడు. రంగుల సినిమా, మాటల సినిమా మన దేశంలోకి ఎప్పుడొచ్చాయన్న చర్చ వచ్చింది. తొలి భారతీయ టాకీ ‘ఆలం ఆరా’ 1931లో వచ్చిందని చెప్పగానే లెక్క తేలిపోయింది. తర్వాత ఏఐ బొమ్మ దగ్గరకొచ్చాం. నేను అడిగిందల్లా ఒక్కటే. “1872లో పుట్టిన మనిషికి 1928 ఫిబ్రవరిలో ఎన్నేళ్లు?”

నోటితో లెక్కలేసుకున్నారు. పుట్టినరోజు ఆగస్టులో కదా అని ఒకమ్మాయి గుర్తుచేసింది. యాభై అయిదు.

“అంటే మా తాత!” అని బొమ్మ తెచ్చిన కుర్రాడే అరిచాడు.

ఆ మాటతో గది మారిపోయింది. అంతదాకా వాళ్లు చూస్తున్నది సినిమా హీరోను. ఇప్పుడు ఒక తాత వయసు మనిషి, ఎండలో, తుపాకీ ముందు. “మా తాతకి మెట్లెక్కితేనే ఆయాసం వస్తది మేడం” అన్నాడు ఆ కుర్రాడు. వాడు మళ్లీ ఆ బొమ్మ వైపు చూడలేదు. రెండు వేళ్లతో పంతులు గారి ముఖాన్ని పెద్దది చేసి, కళ్ల కింద ముడతలు చూస్తూ నిలబడ్డాడు.

అక్కడి నుంచి వీధి దృశ్యాల్లోకి వెళ్లాం. చెన్నైలో హైకోర్టు ఎదుట పారిస్ కార్నర్. ఎర్రటి గుమ్మటాల హైకోర్టు భవనం 1892 నాటిది, అది ఆ రోజు కూడా ఉంది. మూల మీది పెద్ద డేర్ హౌస్ ఈ ఘటన తర్వాత కట్టినది. ఏవి ఉంచాలి, ఏవి తీసెయ్యాలి అంటూ పిల్లలు కలంతో కొన్నిటిని కొట్టేశారు. మెట్రో బోర్డు, కార్లు, బస్సులు అన్నీ కొట్టేశాక మిగిలింది ఒక రోడ్డు, ఒక కోర్టు. అక్కడ ఆ రోజు ఏం జరిగిందో అప్పుడు చెప్పాను. తేదీ 1928 ఫిబ్రవరి 3. ఒక్క భారతీయుడు కూడా లేని ఆ కమిషన్ ఆ రోజు దిగింది బొంబాయిలో. మద్రాసులో కాదు. ఇది విని చాలామంది నిర్ఘాంతపోయారు. సైమన్ ఎదురుగా నిలబడి ఉంటే ప్రకాశం వెళ్లి గుండె చూపించారని వాళ్ల ఊహ. తెర మీద ఒకే తేదీ కింద రెండు చుక్కలు పెట్టాను, ఒకటి బొంబాయి, ఒకటి మద్రాసు. దేశమంతా ఆ రోజు హర్తాళ్. మద్రాసులో గుంపు మీద పోలీసులు కాల్పులు జరిపారు, ఒక యువకుడు పడిపోయాడు. అతని శవాన్ని చూడటానికి పోలీసులు ఎవరినీ వెళ్లనివ్వలేదు. అక్కడికి వెళ్లబోయినప్పుడే ప్రకాశానికి తుపాకీ ఎదురైంది. కాల్చమని గుండె చూపించింది అప్పుడు.

“చనిపోయినాయన పేరేంటి మేడం?”

ఈ ప్రశ్న అడిగింది ఎప్పుడూ నోరు విప్పని పిల్ల. పార్థసారథి అని చెప్పాను. ఆ పేరును తెర మీద తన చేత్తోనే రాయించాను. ఇన్ని జయంతులు చేశాం, సింహం గురించి చెప్పాం, ఆయన ఎవరి కోసం ముందుకు నడిచాడో ఆ పేరు మా బడిలో ఎవరి నోటా వినిపించలేదు. చూపించాల్సింది తెగువను మాత్రమే కాదని నేను గట్టిగా నమ్ముతాను. ఆయన వెళ్లింది ఛాతీ చూపించడానికి కాదు, చనిపోయినవాణ్ణి చూడటానికి. ఈ ఒక్క వాక్యం పిల్లలకు అందితే మిగతాది వాళ్లే తెలుసుకుంటారు.

మిగిలిన జీవితం త్వరగానే నడిచింది. 1921లో లక్షలు తెచ్చే వకీలు వృత్తిని వదిలేసి ‘స్వరాజ్య’ పత్రిక పెట్టడం, సంపాదించిందంతా అందులో పోవడం, 1946లో మద్రాసు రాష్ట్రానికి ప్రధాని కావడం, 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడితే తొలి ముఖ్యమంత్రి కావడం. గుడారాల్లో ఆఫీసులు నడిచాయంటే కేరింతలు కొట్టారు. పదమూడు నెలల్లోనే అవిశ్వాస తీర్మానంలో ప్రభుత్వం పడిపోయిందంటే, ఎన్ని ఓట్ల తేడా అన్నారు. ఒక్క ఓటు. “అయ్యో” అని క్లాసంతా ఒకే గొంతు. 1957 మే 20న హైదరాబాదులో కన్నుమూసేనాటికి ఆయన చేతిలో డబ్బు లేదు. బారిస్టరు సంపాదన అంతా ఏమైందని అడిగితే, వెనక్కి వెళ్లి ‘స్వరాజ్య’ దగ్గర వేలు పెట్టి చూపించారు. జవాబు వాళ్ల దగ్గరే ఉంది.

ఆ వారం కరెంటు పోయిన రోజులున్నాయి, నెట్ ముల్లు తిరుగుతూ ఉండిపోయిన రోజులున్నాయి. అప్పుడు నల్లబల్ల ఉంది, సుద్ద ఉంది. దాని గురించి ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

ఇంటి పని ఒకటి ఇచ్చాను. ఊళ్లో ఎనభై దాటినవాళ్లు ఉంటే పంతులు గారి గురించి ఏం గుర్తుందో అడిగి ఫోనులో రికార్డు చేసుకుని రమ్మన్నాను. చాలామందికి ఏమీ దొరకలేదు. కొందరు పెద్దలు బడి పుస్తకంలోని మాటలే చెప్పి పంపారు. ఒక పిల్లవాడు మాత్రం వాళ్ల జేజమ్మ గొంతు పట్టుకొచ్చాడు. ప్యానెల్ స్పీకరుకు కలిపితే ముందు కోడి కూత, గిన్నెల చప్పుడు, తర్వాత ఆమె.

“ఆయన్నేడ చూశానురా, జనాన్ని చూశా. ప్రకాశం పంతులు వస్తన్నాడంటే మా నాయన నన్ను భుజానికెత్తుకున్నాడు. నాకు అందరి తలపాగాలు కనపడినయ్యి. ఆయన గొంతు మాత్రం ఇన్నా. మైకు లేకుండానే ఇనపడింది.”

పిల్లలు దాన్ని మళ్లీ మళ్లీ వేయించుకున్నారు. ‘తలపాగాలు’ అనే మాట దగ్గర ఆపి, అంత చిన్నపిల్లకు ఏది ఎత్తుగా కనిపిస్తుందో ఊహించారు. పుస్తకం, సినిమా, ఏఐ బొమ్మ, జేజమ్మ గొంతు, ఈ నాలుగింటిలో ఏది నమ్మాలి అని అడిగితే జేజమ్మదే అని అందరూ అరిచారు. “ఆమెకు అప్పుడు ఎన్నేళ్లుంటాయి? అన్నీ సరిగ్గా గుర్తుంటాయా?” అని నేను అడ్డం తిరిగాను. కాసేపు ఆలోచించి, పార్థసారథి పేరు రాసిన పిల్ల చెప్పింది. “ఆయన ఏం మాట్లాడాడో ఆమె చెప్పలా మేడం. కనపడింది మాత్రమే చెప్పింది. అందుకని నమ్మొచ్చు.” చరిత్ర పాఠంలో ఇంతకంటే పెద్ద మాట నేను ఏ శిక్షణ తరగతిలోనూ వినలేదు.

23న జయంతికి తల్లిదండ్రుల్ని కూడా పిలిచాం. పటానికి దండ వేశాం, అది మానలేదు, మానకూడదు కూడా. బట్టీ ప్రసంగం బదులు పిల్లలు ప్యానెల్ దగ్గర నిలబడి ఊరి నుంచి మద్రాసు దాకా దారి చూపించారు. సుబ్బమ్మ గారి పేజీ వచ్చినప్పుడు మెస్ నడిపే ఆవిడ వెనక వరసలో నిలబడి ఉంది. కూతురు రాసిన వరస అంతా చదివింది. కార్యక్రమం అయ్యాక నా దగ్గరకొచ్చి, “అందులో ఒకటి ఒదిలేశారు మేడం, గిన్నెలు తోమడం” అంది. ఆ అమ్మాయి అక్కడికక్కడే పేజీ తెరిచి చేర్చింది.

ఆ ఫైలు ఇప్పుడు పెన్‌డ్రైవులో ఉంది. తర్వాతి ఎనిమిదో తరగతి దాన్ని తెరిచి, తమ వంతుగా ఊళ్లో మరో ఇద్దరు పెద్దల గొంతులు చేర్చింది. ఈ ఏడాది పిల్లలు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు కావాలంటున్నారు. 1921లో ఆయన నాయకత్వంలో మునిసిపాలిటీ పన్నులు కట్టబోమని చీరాల, పేరాల జనం ఇళ్లు వదిలి ఊరి బయట రామనగరం వేసుకున్న కథ విన్నారు. ఊరంతా ఊరు బయట ఎక్కడ పట్టింది, నీళ్లెట్టా, బడి ఎట్టా అని ఇప్పటికే మ్యాపు మీద వెతకడం మొదలైంది. చీరాల మనకు రైల్లో దగ్గరేగా మేడం, ఒక ఆదివారం పోయి చూసొద్దాం అంటున్నారు. హెచ్‌ఎం గారికి అర్జీ రాయమన్నాను. రాస్తున్నారు.